టోపీవాడు ఎటు పరిగెత్తాలి

శనివారం మధ్యాహ్నం రతీబా హాలులో టోపీవాడు కనిపించకుండా పోయాడు. వాడి చప్పుడు మాత్రం ఉంది. బూట్ల టకటక, నదిలో పడ్డప్పుడు వచ్చే బుడుంగు, పైనుంచి గద్ద అరుపు, అన్నీ వినిపిస్తున్నాయి. బొమ్మ లేదు. రెండేళ్ళుగా అది మసకబారుతూనే వచ్చింది. మొదట ఆకాశం వెలిసిపోయింది, తర్వాత వంతెన పోయింది, ఈ రంజాన్ మొదట్లో అయితే వాడి ఎర్రటోపీ ఒక్కటే చీకట్లో ఎగురుతుండేది. ఇప్పుడు అదీ పోయింది. పిక్చర్ ట్యూబు ఆయుష్షు తీరింది.

ఈజిప్టులోని పోర్ట్ సయీద్ రేవులో, అరబ్బు పేటలో ఆ వీడియో గేముల హాలుకి ఒకప్పుడు పెద్ద పేరు. ఐదు యంత్రాలు, ఐదింటి ముందూ కుర్రాళ్ళ గుంపు. గత మూడేళ్ళలో నాలుగు యంత్రాలు ఒకదాని వెనక ఒకటి మూలపడ్డాయి. వాటి ట్యూబులు చచ్చాయి, లోపలి బోర్డులు కాలిపోయాయి, మళ్ళీ అలాంటివి ఎక్కడా దొరకలేదు. మిగిలింది టోపీవాడి ఆట ఒక్కటే. ఇప్పుడు వాడు కూడా మొహం చాటేశాడు. అదీ ఎప్పుడనుకున్నారు? మంగళవారం పదిగంటలకి కోర్టు పంపే ఇంజనీరు తనిఖీకి రావలసి ఉండగా.

విషయం చిన్నదే. హాలు లీజు రతీబా భర్త మిత్వల్లీ పేరు మీద ఉంది, పాత అద్దెల కాలం నాటిది. మిత్వల్లీ పోయి నాలుగేళ్ళయింది. లీజులో ఏ వ్యాపారం రాశారో అదే వ్యాపారం నడుస్తున్నన్నాళ్ళూ పోయినవాడి భార్యని ఎవరూ కదిలించలేరు. అది ఆగిన రోజున తాళంచెవులు ఇంటి యజమాని చేతికి వెళ్ళిపోతాయి. యజమాని హాజీ బదవీ పై అంతస్తులోనే ఉంటాడు. రెండుసార్లు మక్కా వెళ్ళొచ్చాడు, రోజూ ఐదుపూటలా నమాజు చేస్తాడు, మిగిలిన సమయమంతా కింద హాలులో సెల్‌ఫోన్ల కొట్టు పెడితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తాడు. ఆ హాలులో వ్యాపారం ఎప్పుడో ఆగిపోయిందని కోర్టుకి అర్జీ పెట్టింది ఆయనే.

ఆ శనివారం ఆయన జపమాల తిప్పుకుంటూ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా రతీబా, నీ యంత్రం ఏడుపు వినిపిస్తోంది గానీ మొహం కనపడట్లేదే?"

"సిగ్గుపడుతోంది హాజీ. పరాయి మగాడు గుమ్మంలో నిలబడితే మరి సిగ్గుండదా!" అంది రతీబా.

"సిగ్గు మంగళవారం దాకా ఉంటుందా?"

"నువ్వు మంగళవారం కూడా వస్తే ఉంటుందేమో."

హాజీ నవ్వాడు. గెలిచేశాననుకునే మనిషికి నవ్వడానికి ఖర్చేముంది? "నీ కోసమే చెప్తున్నా. యాభై మూడేళ్ళ దానివి, ఇంటిపట్టున ఉండి తస్బీ తిప్పుకోక ఈ బొమ్మలాటలెందుకే నీకు? అయినా నేను మొదట్నించీ ఆడమనిషి ఇక్కడ కూర్చోవడమే వద్దన్నా."

అన్న మాట నిజమే. పద్దెనిమిదేళ్ళ కిందట హాలు తెరిచినప్పుడు, తన బిల్డింగులో ఒక ఆడది కుర్రాళ్ళకి ఎదురుగా కూర్చుంటే తన పరువేం కావాలని హాజీ నానా యాగీ చేశాడు. మిత్వల్లీ మెత్తటి మనిషి. గొడవెందుకని రతీబా కుర్చీని గోడ వైపు తిప్పేశాడు. హాలుకి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ ఆవిడ టోకెన్లు ఇవ్వాలి. వెనక ఏం జరుగుతోందో కనబడడానికి మంగలిషాపు వాళ్ళది ఒక పాత నిలువుటద్దం కొని గోడకి తగిలించాడు. పద్దెనిమిదేళ్ళూ ఆవిడ హాలుని ఆ అద్దంలోనే చూసింది. ఎవడు యంత్రాన్ని తంతున్నాడో, ఎవడు దారానికి టోకెన్ కట్టి మోసం చేస్తున్నాడో అన్నీ అందులోనే పట్టుకుంది. టోపీవాడి దారిలో ఏ పలక విరుగుతుందో, గద్ద ఎన్నో అరుపుకి దిగుతుందో కూడా అందులోనే చూసి చూసి కంఠతా వచ్చేసింది. ఆడింది మాత్రం లేదు. ఆడవాళ్ళు అంత మంది కుర్రాళ్ళ మధ్య నిలబడి ఆడతారా ఏమిటి?

హాజీ వెళ్ళగానే ఆవిడ ఉస్తా షహాతా కోసం కబురు పెట్టింది.

ఉస్తా అంటే మేస్త్రీ. షహాతా నలభై ఏళ్ళుగా టీవీలు బాగుచేస్తున్నాడు. మామూలు రోజుల్లో బంగారంలాంటి మనిషి. రంజాన్‌లో పగలు సిగరెట్ ఉండదు కాబట్టి కందిరీగ. పైగా ఆ ఏడు రంజాన్ ఆగస్టు ఎండల్లో వచ్చింది. అతను వెనక తలుపు తీసి, టార్చి వేసి చూసి, తలుపు మూసేశాడు.

"ట్యూబు చచ్చింది. జనాజా నమాజు చదివించుకో."

"కొత్తది వెయ్యి."

"ఎక్కణ్ణించి? వీటిని చేసే ఫ్యాక్టరీలే మూసేశారు. కైరోలో అడిగినా నవ్వుతారు. అందరికీ ఇప్పుడు గోడకి అంటించే పలచ టీవీలు కావాలి."

"మా ఇంట్లో టీవీ ఉంది కదా. అదీ ఇరవై అంగుళాలే. దాని ట్యూబు తీసి ఇందులో పెట్టు."

ఉస్తా ఆవిడ వంక ఎగాదిగా చూశాడు. ఎంత చిరాకులోనైనా సిత్ అనే, అంటే అమ్మగారనే, పిలుస్తాడు. "టీవీ టీవీయే, ఆట యంత్రం ఆట యంత్రమే సిత్ రతీబా. చొక్కా చిరిగిందని పక్కింటాయన చొక్కా తొడుక్కుంటావా?"

"కొలత సరిపోతే తొడుక్కుంటా. నువ్వు కొలిచావా?"

అతను కొలవలేదు. కొలవలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక ఇంకో మాట ఎత్తుకున్నాడు. "సీరియల్ ఇంకా పన్నెండు భాగాలుంది! వాడకట్టులో ఆడవాళ్ళందరూ మీ ఇంట్లోనే చూస్తారు. మా ఇంటిది కూడా అక్కడికే వస్తుంది. నేను ఆ టీవీ గుండె కోశానని తెలిస్తే నాకు ఇఫ్తారుకి నీళ్ళు కూడా పోయదు."

"చివర్లో ఆ మొగుడు చస్తాడు, రెండో పెళ్ళాం జైలుకి పోతుంది. ప్రతి ఏడూ అదేగా. వెళ్ళి చెప్పు."

ఆ టీవీ ఆవిడకి ముద్దు కాదనుకోకండి. వాడకట్టు చిట్టీలో తన వంతు వచ్చేదాకా పద్నాలుగు నెలలు ఆగి కొన్నది. మిత్వల్లీ పోయాక ఇంట్లో మాట వినిపించేది దానిలోంచే. అయినా ఆవిడ మొండికెత్తింది. టీవీ ముందు కూర్చుని ఎవరి కథో చూస్తూ పోయే రోజులకంటే, తాళంచెవులు నడుముకి కట్టుకుని పోయే రోజులే తనకి కావాలి.

ఆదివారం ఉస్తా వాళ్ళింటికి వెళ్ళి, టీవీ వీపు విప్పి, సణుగుతూనే కొలిచాడు. ట్యూబు మెడ లావు ఒకటే, వెనక సూదుల లెక్క ఒకటే. అతని మొహం ఇంకా మాడింది. తప్పించుకునే దారి మూసుకుపోయిందిగా.

సోమవారం పొద్దున్న పదకొండింటికి పని మొదలైంది. టీవీని చక్రాలబండి మీద హాలుకి తెచ్చారు. బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు శవయాత్ర చూసినట్టు చూశారు. లోపల దాగిన కరెంటు దింపడానికి ఉస్తా వైరు కట్టిన స్క్రూడ్రైవరు పట్టుకుని, బిస్మిల్లా అని, చచ్చిన ట్యూబు వెనకనున్న రబ్బరు మూత కిందికి మెల్లగా దూర్చాడు. చిటేలుమని నీలం నిప్పు ఎగిరింది. రతీబా రెండడుగులు వెనక్కి వేసింది.

"చూశావా? చచ్చినా వీటి కోపం పోదు. ప్లగ్గు పీకేసి వారమైనా మనిషిని గోడకేసి కొడతాయి," అన్నాడు ఉస్తా. పని మొదలయ్యేసరికి అతని సణుగుడు తగ్గింది. చేతులకి పనుంటే సిగరెట్ గుర్తుకు రాదు కాబోలు.

పాత ట్యూబుని తీసి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు మొహం గుండెకి ఆనించుకుని పక్కన పడుకోబెట్టాడు. "మెడ పట్టుకుని ఎత్తావా, అంతే. పగిలిందంటే ఈ వీధిలో అద్దాలన్నీ ఏరుకోవాలి." టీవీ ట్యూబుని దాని మెడ చుట్టూ ఉన్న తీగచుట్టతో సహా తీసి యంత్రంలో కూర్చోబెట్టాడు. ఆ చుట్టని కదిలిస్తే రంగులన్నీ చెదిరిపోతాయట, అందుకని దాన్ని ముట్టుకోలేదు. బొమ్మని తెరంతా పరిచేది ఆ చుట్టే. దాన్నుంచి నాలుగు వైర్లు వస్తాయి. రెండు బొమ్మని పైకీ కిందికీ లాగుతాయి, రెండు అటూ ఇటూ లాగుతాయి. ఆ నాలుగింటినీ కోసి యంత్రం వైర్లకి టంకం పెట్టాలి. టీవీ వాళ్ళు వాడిన రంగులు వేరు, యంత్రం వాళ్ళు వాడినవి వేరు. ఏది దేనికో చెప్పేవాళ్ళు లేరు.

ఇక ఇక్కడ ఒక మాట చెప్పాలి. టీవీ బాగుచేసేవాడు వెనక కూర్చుని పనిచేస్తాడు, బొమ్మ ముందు వైపు వస్తుంది. ప్రతిసారీ లేచి చుట్టూ తిరిగి చూడలేడు కదా, అందుకని ఎదురుగా ఒక అద్దం పెట్టుకుంటాడు. ఉస్తా తన అద్దం కొట్లో మరిచిపోయాడు. గోడ మీది రతీబా నిలువుటద్దం దింపి, ఆవిడ కుర్చీ మీద నిలబెట్టి, యంత్రం వైపు తిప్పుకున్నాడు.

రతీబా ఇంటికి వెళ్ళి ఇఫ్తారుకి పప్పు పొయ్యి మీద పడేసి వచ్చేసరికి సాయంత్రమైంది. ఎండ పోలేదు. ఉస్తా చొక్కా వీపుకి అంటుకుపోయింది, పెదాలు తెల్లబడ్డాయి. స్విచ్ వేశాడు. ముందు బొమ్మ తలకిందులుగా వచ్చింది. టోపీవాడు కాళ్ళు పైకెత్తి ఆకాశంలో వేలాడుతున్నాడు. ఉస్తా రెండు వైర్లు అటుదిటు మార్చాడు. బొమ్మ నిటారుగా నిలబడింది. అద్దంలోకి మళ్ళీ చూసి మొహం చిట్లించాడు.

"వీడు కుడివైపు నిలబడ్డాడేంటి? ఎడమవైపు కదా నిలబడాలి. మా మేనల్లుడు పొద్దస్తమానం ఆడేవాడు, నాకు తెలీదా?" అంటూ మిగిలిన రెండు వైర్లు కూడా మార్చేశాడు. ఇప్పుడు అద్దంలో టోపీవాడు ఎడమవైపు నిలబడ్డాడు. "ఇదీ లెక్క. నలభై ఏళ్ళ చెయ్యి సిత్ రతీబా, నలభై ఏళ్ళ చెయ్యి!"

రతీబా యంత్రం ముందుకి వెళ్ళి నిలబడి చూసింది. ఆకాశం మళ్ళీ నీలంగా ఉంది. వంతెన పలకలు లెక్కపెట్టుకోవచ్చు. పైన చీనావాళ్ళవో జపానువాళ్ళవో అక్షరాలు, వాటి కింద పాయింట్ల చోట అన్నీ సున్నాలు. పద్దెనిమిదేళ్ళుగా తను చూస్తూ వచ్చిన బొమ్మే ఇది, అణుమాత్రం తేడా లేదు. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఒక టోకెన్ వేసి చూద్దామని డబ్బా తీసింది. కరెంటు పోయింది. ఆ వేసవి కరెంటు అలాగే పోతుండేది. ఈలోగా పొద్దుగుంకి, ఉపవాసం విడవమంటూ ఇఫ్తారు ఫిరంగి పేలనే పేలింది. ఉస్తా పనిముట్లు సంచిలో పడేసుకుని, ముందు నీళ్ళకీ తర్వాత సిగరెట్‌కీ పరిగెత్తాడు.

మంగళవారం రతీబా తొమ్మిదింటికి వెళ్ళి నింపాదిగా ఆడించి చూద్దామనుకుంది. ఉపవాసం రోజుల్లో పని త్వరగా ముగించుకుని ఇంటికి పోయి పడుకుందామనుకున్న ఇంజనీరు ఎనిమిదిన్నరకే వచ్చేశాడు. ప్రభుత్వోద్యోగి గంటన్నర ముందు రావడం ఆ పేట చరిత్రలో అదే మొదలు. ఆవిడ షట్టరు లేపేసరికి అతను హాజీ బదవీతో కలిసి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఇంజనీరు పేరు ముంతసిర్. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, చంకలో ఫైలు, నుదుటి మీద చెమట. నాలుగు చచ్చిన యంత్రాలనీ చూశాడు, రాసుకున్నాడు. ఐదోది వెలుగుతోంది.

"పనిచేసేది ఇదొక్కటేనా అమ్మా?"

"ఒక్క పొయ్యి వెలిగినా ఆ ఇంట్లో వంట అవుతున్నట్టే బాబూ."

"సరే, ఆడి చూపించండి."

"ఆవిడెందుకు? ఏదో కనికట్టు చేస్తుంది. నేనే చూస్తా," అంటూ హాజీ ముందుకొచ్చాడు. టోకెన్ వేశాడు. సంగీతం మొదలైంది. దారి ఎడమవైపుకి కనిపిస్తోంది కదా అని హ్యాండిలుని ఎడమకి తోశాడు. టోపీవాడు కుడికి పోయి అంచుకి గుద్దుకున్నాడు. హాజీ కుడికి లాగాడు. వాడు ఎడమకి దూసుకుపోయి నదిలో పడ్డాడు. బుడుంగుమంది.

"చూశారా! చూశారా ఇంజనీరు గారూ! అటంటే ఇటు పోతోంది! ఇది యంత్రం కాదు, పిచ్చిది!" హాజీ గొంతులో పండగ ముందే వచ్చేసింది.

ముంతసిర్ ఫైలు పక్కన పెట్టి తనే హ్యాండిలు పట్టుకున్నాడు. అతని టోపీవాడూ నీళ్ళలో పడ్డాడు. అతను తెర దగ్గరికి వంగి చూశాడు. "వీడు ఎడమ నుంచి కదా బయల్దేరాలి? నేను కాలేజీలో ఉన్నప్పుడు ఇస్మాయిలియాలో చాలా ఆడాను. బొమ్మ తిరగబడిందమ్మా. కుడి ఎడమైపోయింది." కలం తీశాడు. "లోపం ఉందని రాయక తప్పదు."

రతీబా భయంగా వెనక్కి తిరిగింది. కుర్చీ మీద ఉస్తా వదిలిపోయిన అద్దం ఇంకా అలాగే ఉంది. అందులో చూసింది. అద్దంలో టోపీవాడు ఎడమవైపు నిలబడి ఉన్నాడు. అప్పుడు అర్థమైంది. మొదట సరిగ్గానే వచ్చిన బొమ్మని ఉస్తా అద్దంలో చూసి, తప్పనుకుని, తిప్పేశాడు. టీవీ అయితే వార్తల కింద మన అరబీ అక్షరాలు తిరగబడి కనిపించి అతన్ని చెంపమీద కొట్టేవి. ఇక్కడున్నవి అతనికి రాని అక్షరాలు, ఎటు చూసినా ఒకేలా ఉండే సున్నాలు. మరి తనకెందుకు తెలియలేదు? తను ఏనాడు టోపీవాణ్ణి తిన్నగా చూసింది గనక? ఈ తిరగబడ్డ బొమ్మే తన బొమ్మ. వీళ్ళు నన్ను గోడకేసి కూర్చోబెట్టారు, ఇప్పుడు నేను చూసిందే తప్పంటున్నారు అనుకుంది. అనుకోగానే భయం పోయి ఒళ్ళు మండింది.

"ఇంజనీరు బాబూ, కలం ఆపు. ఆ లీజులో ఏం రాశారో గట్టిగా చదువు."

ముంతసిర్ చదివాడు. "కరెంటుతో నడిచే ఆటల యంత్రాలు నడుపుటకు."

"టోపీవాడు ఎటు పరిగెత్తాలో రాశారా?"

"లేదు."

"ఎడమ నుంచి కుడికి పరిగెత్తకపోతే హాలు ఖాళీ చెయ్యాలని రాశారా?"

"మాటలు చూడు, మాటలు!" అన్నాడు హాజీ.

ముంతసిర్ ముఖంలో నవ్వు కదిలింది గానీ అణుచుకున్నాడు. "రాయలేదమ్మా. కానీ చేతికీ బొమ్మకీ పొంతన లేదు కదా. ఆడ్డానికి వీల్లేనిది ఆట ఎలా అవుతుంది? నన్ను నేను మోసం చేసుకోలేను."

"న్యాయంగా అడిగావు. ఐదు నిమిషాలివ్వు."

వైర్లు వెనక్కి మార్చడానికి ఉస్తా కావాలి, ఉస్తా పదింటి దాకా నిద్ర లేవడు. ఆ నీలం నిప్పు జోలికి తను పోలేదు. కానీ హ్యాండిళ్ళు ఆవిడవి. పద్దెనిమిదేళ్ళలో కుర్రాళ్ళు ఎన్ని విరిచారో, అన్నీ తనే బిగించింది. ప్లగ్గు పీకి, తాళంచెవుల గుత్తిలోంచి చిన్నది తీసి హ్యాండిలు కింద పలక తెరిచింది. నాలుగు వైపులకీ నాలుగు చిన్న మీటలున్నాయి, ఒక్కోదానికీ ఒక వైరు. కుడి మీట వైరు పీకి ఎడమదానికి గుచ్చింది, ఎడమది కుడిదానికి గుచ్చింది.

"ఇదేంటి? కోర్టు మనిషి ముందే రిపేర్లా? ఇది చెల్లదు!" హాజీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఎందుకు చెల్లదు? రిపేరు చేసుకోవడం కూడా వ్యాపారమే. నువ్వు పెట్టబోయే ఫోన్ల కొట్లో చెయ్యరా? ఊరికే వెలుగులు చూపించి పంపేస్తారా?"

పలక మూసి, ప్లగ్గు పెట్టి, టోకెన్ వేసింది. చేతులు ముసుగు చెంగుకి తుడుచుకుని హ్యాండిలు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి.

ఎడమకి తోసింది. టోపీవాడు ఎడమకే నడిచాడు. మొదటి పలక దగ్గర దూకడం ఆలస్యమై నీళ్ళలో పడ్డాడు. హాజీ గొంతు సవరించుకున్నాడు. రెండోవాడు పలకలు దాటాడు గానీ గద్దకి దొరికిపోయాడు. మిగిలింది ఒక్క ప్రాణం. రతీబా తెర చూడడం మానేసి వినడం మొదలుపెట్టింది. గద్ద మూడుసార్లు అరుస్తుంది, మూడో అరుపుకి వంగాలి. వంతెన మీద ఐదో పలక మోసం, దాన్ని తొక్కకుండా ఆరోదాని మీదికి గెంతాలి. ఎంతమంది కుర్రాళ్ళు ఇక్కడ పడి తిట్టుకున్నారో ఆవిడ చెవులకి తెలుసు. టోపీవాడు పలకలు దాటాడు, వంగాడు, ఐదోదాని మీంచి గెంతాడు.

"దూకండి! దూకండమ్మా, పీపా వస్తోంది!" అరిచాడు ముంతసిర్. ఫైలు నేల మీద పడింది, అతను చూసుకోలేదు.

"నాకు తెలుసు, నువ్వుండు!" అంది రతీబా.

దూకింది. కోట గుమ్మం తెరుచుకుంది. యంత్రం బాకా ఊదింది. సున్నాల చోట ఏదో పెద్ద అంకె తిరగబడి వెలిగింది.

ముంతసిర్ ఫైలు ఎత్తుకుని దుమ్ము దులిపాడు, మళ్ళీ అధికారి మొహం పెట్టుకున్నాడు. రాస్తూ పైకి చదివాడు. "లీజులో రాసిన వ్యాపారం సాగుతోంది. యంత్రం ఆడటానికి అనువుగా ఉంది. నా ఎదుటే ఆడి చూపించారు."

"తిరగబడిన ఆట అని రాయవయ్యా! అది కూడా రాయి!"

"ఏం తిరగబడింది హాజీ? నేను ఈ కాగితం ఎటునుంచి రాస్తున్నాను? కుడి నుంచి ఎడమకేగా. దాన్ని కూడా తప్పంటారా?" అన్నాడు ముంతసిర్. కాగితం రతీబా ముందు పెట్టాడు. ఆవిడ కుడివైపున మొదలుపెట్టి నింపాదిగా తన పేరంతా రాసింది.

ఇంజనీరు వెళ్ళిన గంటకి ఉస్తా షహాతా చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సంగతి అప్పటికే వీధంతా పాకింది. "తల ఎత్తుకోలేకపోతున్నా సిత్ రతీబా. ఉపవాసం, ఎండ, సిగరెట్ లేదు. రెండు వైర్లే, రెండు నిమిషాల పని, ఇప్పుడే తిప్పేస్తా."

"ముట్టుకున్నావంటే నీ చేతులకి టంకం పెడతా," అంది రతీబా. "ఆ కుర్ర మొనగాళ్ళందరూ పండగరోజు కొత్తబట్టలేసుకుని వస్తారు, మాకు ఈ ఆట కళ్ళు మూసుకుని వచ్చని. ఒక్కొక్కడూ మొదటి అడుగులోనే నీళ్ళలో పడాలి. నేను చూడాలి."

హాజీ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. వెళ్ళిపోవడానికి మనసొప్పడం లేదు. పైగా సీరియల్ చూసే ఆడవాళ్ళందరూ ఇకనుంచి ఆయన పెద్ద టీవీ ముందుకే చేరతామని పొద్దున్నే ఆయన భార్యకి కబురు పంపారట. "సరే, అప్పీలుకి పోతా. అందాకా పద్ధతిగా ఉండు. ఆ అద్దం గోడకి తగిలించుకుని నీ మూల నువ్వు కూర్చో," అన్నాడు.

రతీబా కుర్చీ మీది నిలువుటద్దాన్ని రెండు చేతులా ఎత్తింది. అందులో ఒకసారి చూసింది. ఎవరూ ఆడనప్పుడు యంత్రం తనంతట తానే చూపించే ఆటలో టోపీవాడు ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాడు, లోకమంతా పద్దెనిమిదేళ్ళుగా చూసినట్టు. చూడముచ్చటగానే ఉన్నాడు. ఆవిడ అద్దాన్ని తీసుకెళ్ళి హాజీ చేతుల్లో పెట్టింది.

"ఇది నీ కోసం పెట్టుకున్నదే హాజీ. నువ్వే పైకి తీసుకుపో."

తిరిగొచ్చి కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమనేలా లాగింది. గోడకి వీపు పెట్టి, హాలుకి ఎదురుగా వేసి, టోకెన్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాజీ అద్దం మోసుకుంటూ మెట్లెక్కేదాకా కళ్ళు దించకుండా చూసింది.